కొత్త క్వార్టర్‌బ్యాక్ ఎలాంటివాడో తెలియాలంటే ఏం చూడాలి? టెక్సస్ లాంగ్‌హార్న్స్ అనుభవం నుంచి

మీ అమ్మాయి ఆస్టిన్‌లో టెక్సస్ యూనివర్సిటీలో చేరిందనీ, అప్పటినుంచి ఇంటిల్లిపాదీ శనివారాలు ఆ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ లాంగ్‌హార్న్స్ ఆటలు చూస్తున్నారనీ రాశారు. ఏటా టీమ్ ఎవరో ఒక కొత్త క్వార్టర్‌బ్యాక్‌ని, అంటే బంతి అందుకుని ఎవరికి వేయాలో తేల్చి టీమ్‌ని నడిపేవాణ్ని, తీసుకుంటుంది, అతని పేరు పక్కన నాలుగో ఐదో నక్షత్రాలు కనిపిస్తాయి. "వీళ్లలో ఎవరు పనికొస్తారో మనలాంటివాళ్లం తేల్చుకోవడం ఎలా? ఆ నక్షత్రాలను నమ్మొచ్చా?" అన్నది మీ ప్రశ్న.

నేను డాలస్‌కి ఉత్తరాన 22 ఏళ్లుగా ఉంటున్నాను. మా అబ్బాయి హైస్కూల్లో నాలుగేళ్లు ఫుట్‌బాల్ ఆడాడు. ఆ నాలుగేళ్లూ, వాడు కాలేజీకి వెళ్లిపోయాక ఇంకో ఆరేళ్లూ, శుక్రవారం రాత్రి మ్యాచ్‌లకి వీడియో తీసే పని నాదే. గోల్‌పోస్ట్ వెనక ఎత్తుగా నిలబెట్టిన కెమెరా నా చేతిలో ఉండేది. టీవీలో మైదానాన్ని పక్కనుంచి చూపిస్తారు. నాకు మాత్రం క్వార్టర్‌బ్యాక్ వీపూ, పాదాలూ కనిపించేవి. శనివారం పొద్దున కోచ్‌లు ఆ వీడియో వేసుకుని ఆపి ఆపి మాట్లాడుకుంటుంటే వెనక కూర్చుని వినేవాణ్ని. నాకు ఈ విషయంలో తెలిసినదాంట్లో ఎక్కువ భాగం అక్కడ విన్నదే.

ముందు నక్షత్రాల సంగతి చెబుతాను. వాటిని తీసిపారేయకండి. 247స్పోర్ట్స్, ఈఎస్‌పీఎన్, రైవల్స్ లాంటి సంస్థల మనుషులు దేశమంతా తిరిగి, క్యాంపుల్లోనూ మ్యాచుల్లోనూ పిల్లల్ని చూసి ఇచ్చే అంచనా అది. 247స్పోర్ట్స్ ఏటా సుమారు 32 మందికే ఐదు నక్షత్రాలు ఇస్తుంది. ఎన్ఎఫ్ఎల్ (ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) టీమ్‌లు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, మొదటి రౌండ్‌లో 32 ఎంపికలుంటాయి కాబట్టి ఆ లెక్క పెట్టుకున్నారు. అంటే ఈ కుర్రాడు మూడు నాలుగేళ్ల తర్వాత ఎన్ఎఫ్ఎల్ మొదటి రౌండ్ స్థాయికి ఎదుగుతాడా అన్నది వాళ్లు చెబుతున్నారు. వచ్చే సెప్టెంబర్‌లో మన టీమ్‌ని నడిపిస్తాడా అన్నది మీరు అడుగుతున్నారు. రెండూ వేరే ప్రశ్నలు.

ముందు వరుసలో అడ్డుగోడలా నిలిచే లైన్‌మన్ విషయంలోనో, పరుగెత్తి పాస్ అందుకునే రిసీవర్ విషయంలోనో ఈ అంచనాలు చాలావరకు సరిపోతాయి, ఎందుకంటే ఎత్తూ బరువూ వేగమూ కళ్లముందే కనిపిస్తాయి. క్వార్టర్‌బ్యాక్ పని తల లోపల జరుగుతుంది. బంతి చేతికొచ్చాక అతనికి దొరికేది రెండున్నర, మూడు సెకన్లు. ఆ కాస్త సమయంలో ఎదుటి డిఫెన్స్ ఏం వేషం వేసిందో గుర్తుపట్టాలి, మొదటి రిసీవర్ దగ్గర దారి మూసుకుపోతే రెండోవాడి వైపు, అక్కడా కుదరకపోతే మూడోవాడి వైపు కళ్లు తిప్పాలి. ఇదంతా 130 కిలోల మనుషులు మీదికి దూకుతుండగా. నెట్స్‌లో చూడముచ్చటగా కవర్ డ్రైవ్‌లు కొట్టి, మ్యాచ్‌లో కొత్త బంతి ముందు నిలవలేని బ్యాట్స్‌మన్‌లను మనం ఎందరినో చూశాం కదా, ఇక్కడ కూడా అదే కష్టం. క్యాంపుల్లో మీదపడే లైన్‌మెన్ ఉండరు. అక్కడ చేయి మాత్రమే తెలుస్తుంది.

అందుకే హైలైట్ వీడియోలు చూసి ఎవరినీ అంచనా వేయకండి. ఆ మూడు నిమిషాల్లో ఉండేవన్నీ తగిలిన పాస్‌లే. దొరికితే హైస్కూల్ మ్యాచ్ పూర్తిగా ఒకటి చూడండి. అది కూడా వాళ్ల టీమ్ ఓడిపోయినదైతే ఇంకా మంచిది. అందులో థర్డ్ డౌన్లు, అంటే మూడో అవకాశాలు, మాత్రం ఏరుకుని రెండుసార్లు చూడండి. పది గజాలు దాటడానికి నాలుగు అవకాశాలుంటాయి, మూడోసారి కూడా ఇంకా ఏడెనిమిది గజాలు మిగిలాయంటే పాస్ వేస్తారని స్టేడియంలో అందరికీ తెలుసు, డిఫెన్స్‌కీ తెలుసు. అప్పుడు ఏం చేస్తాడన్నదే నాకు కావాలి.

ఏం చేస్తాడన్నది పాదాల్లో తెలుస్తుంది. మా స్కూల్లో ఒక ఏడాది ఇద్దరు కుర్రాళ్లు ఆ స్థానానికి పోటీపడ్డారు. ఒకడి చేతిలో మెరుపుంది, బంతి 60 గజాలు సునాయాసంగా వెళ్లేది. రెండోవాడు కాస్త పొట్టి, బంతి అంత దూరం వెళ్లదు. మొదటివాడికే అవకాశం ఇచ్చారు, నేనూ అదే సరైనదనుకున్నాను. తీరా నా కెమెరాలో చూస్తే, మొదటి రిసీవర్ దొరక్కపోతే చాలు, వాడి పాదాలు పరుగుకి సిద్ధమైపోయేవి. కళ్లు కిందికి, మీదికొస్తున్న మనుషుల వైపు దిగేవి. రెండోవాడు మాత్రం చిన్న చిన్న అడుగులతో పక్కకి జరిగి, భుజాలు తిప్పకుండా, కళ్లు దూరంగానే పెట్టి ఇంకో రిసీవర్‌ని వెతికేవాడు. సీజన్ సగానికి వచ్చేసరికి కోచ్ మార్చేశాడు. "చేయి దేవుడిస్తాడు, ఈ కళ్లని నేనివ్వలేను" అన్నాడాయన ఆ శనివారం. అప్పటినుంచి ఏ కొత్త కుర్రాణ్ని చూసినా ముందు నా చూపు పాదాల మీదికే పోతుంది.

చేతి బలం అక్కర్లేదని కాదు, దాన్ని చూడాల్సిన చోటు వేరు. అందరూ 60 గజాల బాంబుల్ని చూసి మురిసిపోతారు. నేను చూసేది మైదానం అవతలి అంచుకి వేసే అవుట్ పాస్. కాలేజీ మైదానం వెడల్పు 160 అడుగులు, హాష్ గుర్తులు (మైదానం మధ్యలో రెండు వరుసలుగా ఉండే చిన్న గీతలు) ఒక్కో పక్క అంచునుంచి 60 అడుగుల్లో ఉంటాయి. బంతి ఎడమ హాష్ దగ్గర మొదలైతే కుడి అంచు 100 అడుగుల దూరం, అంటే 33 గజాలు. రిసీవర్ 15 గజాలు ముందుకెళ్లి ఆ అంచు వైపు తిరిగాడనుకోండి. క్వార్టర్‌బ్యాక్ ఏడు గజాలు వెనక నిలబడి వేస్తాడు కాబట్టి బంతి గాల్లో ఏటవాలుగా దాదాపు 40 గజాలు వెళ్లాలి. స్కోరు కాగితం మీద 15 గజాలే రాస్తారు. ఆ పాస్ కాస్త మెల్లగా వెళ్లినా, రిసీవర్‌ని కాపలా కాసే కార్నర్‌బ్యాక్ మధ్యలో దూరి పట్టుకుపోతాడు (అదే ఇంటర్‌సెప్షన్), అలా పోయిన బంతి చాలాసార్లు నేరుగా ఎదుటివాళ్లకి టచ్‌డౌనే, అంటే చివరి గీత దాటించిన స్కోరే. రిసీవర్ తిరగకముందే, నమ్మకంతో బంతి వదిలేస్తున్నాడా, తిరిగాక చూసుకుని వేస్తున్నాడా అన్నది అక్కడ తేలిపోతుంది.

ఇక అంకెలు. ఎవరి మీద సాధించాడో తెలియకుండా అంకెలు చెప్పకూడదు. టెక్సస్‌లో 6ఏ అంటే అతిపెద్ద స్కూళ్ల విభాగం, అక్కడ ప్రతి వారం ఎదుటి టీమ్‌లో కాలేజీ స్కాలర్‌షిప్‌కి వెళ్లే పిల్లలుంటారు. చిన్న స్కూళ్ల విభాగాల్లో అంత గట్టి పోటీ ప్రతి వారం ఉండదు.

ఇప్పుడు మీ టీమ్ దగ్గరికే వస్తాను. 2022, 2023 సంవత్సరాల్లో టెక్సస్ తీసుకున్న ముగ్గురి సంగతి చూస్తే ఈ మాటలన్నీ అర్థమవుతాయి.

క్విన్ యూయర్స్ మా పక్క ఊరు సౌత్‌లేక్ కుర్రాడు. రేటింగ్ సంస్థల అంచనాలన్నీ కలిపి వేసే లెక్కలో అతనికి 1.0000, అంటే నూటికి నూరు వచ్చింది. అంతకుముందు అలా వచ్చిన కొద్దిమందిలో టెక్సస్‌ని 2006 జనవరిలో రోజ్ బౌల్‌లో 41-38తో గెలిపించిన విన్స్ యంగ్ ఒకడు. ఆ పోలికతో ఇక్కడ ఎంత ఆశ పెంచుకున్నామో మీరు ఊహించుకోవచ్చు. 2021 జనవరిలో జరిగిన స్టేట్ ఫైనల్ నాకు బాగా గుర్తుంది. సౌత్‌లేక్ కోచ్ రైలీ డాడ్జ్, ఎదుట ఆస్టిన్ వెస్ట్‌లేక్ కోచ్ అతని తండ్రి టాడ్ డాడ్జ్. 52-34తో తండ్రి టీమ్ గెలిచింది. యూయర్స్ చేయి పక్కనుంచి కొరడాలా కదలడం, బంతి రివ్వున వెళ్లడం చూస్తే ఒళ్లు పులకరించింది. కానీ అదే మ్యాచ్‌లో ఒత్తిడి వచ్చినప్పుడు ఒక కాలు వెనక్కి పడిపోతూ, చేతితోనే నెట్టుకొచ్చిన పాస్‌లు కూడా చూశాను. చేయి అంత గొప్పదైతే హైస్కూల్లో పాదాల తప్పు బయటపడదు.

అతను 2021లో ముందుగా ఒహాయో స్టేట్‌కి వెళ్లి, అక్కడ రెండే రెండు స్నాప్‌లు (బంతి చేతికందడంతో మొదలయ్యే ఒక్కో ఆట) ఆడి, ఆ డిసెంబర్‌లో టెక్సస్‌కి వచ్చేశాడు. 2022 అక్టోబర్ 8న ఓక్లహోమా మీద నాలుగు టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు, 49-0. సరిగ్గా రెండు వారాలకి ఓక్లహోమా స్టేట్ మీద 49 పాస్‌లు వేసి 19 మాత్రమే తగిలించాడు, మూడు ఇంటర్‌సెప్షన్లు, టీమ్ ఓడిపోయింది. ఆ రెండు ఆటలూ పక్కపక్కన పెట్టి చూశాను. మొదటిదాంట్లో లైన్ అతన్ని ఎవరూ ముట్టుకోకుండా కాపాడింది, పాదాలు నేలమీద నిలబడి ఉన్నాయి. రెండోదాంట్లో పాదాలు నిలవలేదు, బంతులు రిసీవర్ తలల పైనుంచి వెళ్లాయి. మరుసటి ఏడాది అతను బరువు తగ్గి, పాదాలు సరిచేసుకుని వచ్చాడు. పాస్‌లు తగిలే శాతం 58 నుంచి 69కి పెరిగింది. టస్కలూసాలో అలబామాని 34-24తో ఓడించాడు. 2023, 2024 రెండేళ్లూ టీమ్‌ని జాతీయ ప్లేఆఫ్ సెమీఫైనల్ దాకా తీసుకెళ్లాడు. ఆ తర్వాత 2025 డ్రాఫ్ట్‌లో ఏడో రౌండ్ దాకా ఆగాల్సి వచ్చింది, 231వ ఎంపిక.

మరి అతని అంచనా తప్పిందంటారా? ఎన్ఎఫ్ఎల్ లెక్కలో తప్పింది. టెక్సస్ లెక్కలో నేను ఒప్పుకోను. అతను రాకముందు 2021లో ఈ టీమ్ 5-7తో, అంటే ఐదు గెలుపులూ ఏడు ఓటములతో, ముగించింది. రెండు ప్రశ్నలూ వేరని పైన చెప్పింది ఇందుకే.

రెండోవాడు మాలిక్ మర్ఫీ, క్యాలిఫోర్నియా కుర్రాడు, 2022లోనే చేరాడు. ఆరడుగుల ఐదంగుళాల ఎత్తు, గట్టి చేయి, నాలుగు నక్షత్రాలు. యూయర్స్ వస్తున్నాడని తెలిసీ వచ్చాడు, అది నాకు నచ్చింది. 2023లో యూయర్స్ భుజానికి దెబ్బ తగిలితే అతని బదులు రెండు మ్యాచ్‌లు మొదటినుంచీ ఆడి రెండూ గెలిచాడు. కాన్సాస్ స్టేట్‌తో ఎక్స్‌ట్రా టైమ్‌లో 33-30. దూరం వేసే పాస్‌లు బాగున్నాయి, దగ్గర పాస్‌లలో బంతి విడిచే నిర్ణయం ఒక క్షణం ఆలస్యం. ఆ డిసెంబర్‌లో డ్యూక్ యూనివర్సిటీకి వెళ్లిపోయాడు. అక్కడ 2024లో 26 టచ్‌డౌన్ పాస్‌లు, 12 ఇంటర్‌సెప్షన్లు. ఆ రెండు అంకెల్లోనూ నాకు ఆ రెండు మ్యాచ్‌ల కుర్రాడే కనిపించాడు.

అతను వెళ్లిపోయినందుకు చాలామంది కోప్పడ్డారు. నేను కోప్పడలేకపోయాను. 2018లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితా) వచ్చింది, 2021లో ఒకసారి కాలేజీ మారినా ఏడాది కూర్చోనక్కర్లేకుండా వెంటనే ఆడే వీలు వచ్చింది. అదే ఏడాది జూలై నుంచి ఆటగాళ్లు తమ పేరుతో డబ్బు సంపాదించుకునే హక్కూ వచ్చింది. ఇరవై ఏళ్ల కుర్రాడు తన ముందు ఒకడూ వెనక ఒకడూ ఉన్న చోట ఎన్నాళ్లుంటాడు? కాబట్టి కొత్త క్వార్టర్‌బ్యాక్‌ని అంచనా వేసేటప్పుడు అతని ముందున్నవాడు ఏ సంవత్సరంలో ఉన్నాడో, వెనక ఎవరు రాబోతున్నారో కూడా చూడండి. ఆటకి ఎంత పనికొస్తాడో, ఇక్కడ ఎన్నాళ్లుంటాడన్నదీ అంతే ముఖ్యమైపోయింది.

ఆ వెనక వచ్చినవాడే ఆర్చ్ మానింగ్, 2023లో. ఎన్ఎఫ్ఎల్‌లో పేరుమోసిన క్వార్టర్‌బ్యాక్‌లు పేటన్, ఈలై ఇద్దరూ బాబాయిలు, అక్కడే క్వార్టర్‌బ్యాక్‌గా ఆడిన ఆర్చీ తాతయ్య. న్యూ ఆర్లియన్స్‌లో ఐసిడోర్ న్యూమన్ అనే చిన్న స్కూల్లో చదివాడు, అక్కడ బాబాయిల రికార్డులు దాటాడు. ఆ పేరు వల్ల అతని అంచనా రెండువైపులా చెడిపోయింది. కొందరు పేరు చూసి ఆకాశానికెత్తారు, ఇంకొందరు పేరు వల్లే నక్షత్రాలొచ్చాయన్నారు. నేను అతని హైస్కూల్ ఆటలు చూసినప్పుడు ఎదుటి టీమ్‌లు చిన్నవన్న సంగతి పక్కన పెట్టి, డిఫెన్స్ ఎవరైనా మారని విషయాలు వెతికాను. పక్కకి జరిగినప్పుడు కళ్లు దూరంగానే ఉన్నాయా? ఉన్నాయి. పరుగెత్తుతూ వేసేటప్పుడు నడుము తిరుగుతోందా? తిరుగుతోంది. కాళ్ల వేగం బాబాయిలకి లేనిది, తాతయ్యకి ఉన్నది. తెలియనిదల్లా ఒకటే, దారి నిజంగా మూసుకుపోయినప్పుడు ఏం చేస్తాడన్నది. ఆ చిన్న విభాగంలో అతనికి ఎవరో ఒక రిసీవర్ దాదాపు ఎప్పుడూ ఖాళీగా దొరికేవాడు.

అతను రెండేళ్లు బెంచీ మీద ఉన్నాడు. ఈ రోజుల్లో ఐదు నక్షత్రాలవాడు అలా ఉండడం చాలా అరుదు. 2024లో యూటీఎస్ఏ (శాన్ ఆంటోనియోలోని టెక్సస్ యూనివర్సిటీ) మీద యూయర్స్ గాయపడితే దిగి 67 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. దాంతో అందరం అతను సిద్ధమైపోయాడనుకున్నాం. 2025 ఆగస్టు 30న ఒహాయో స్టేట్ మైదానంలో సీజన్ మొదలైంది, 14-7తో ఓటమి, 30 పాస్‌లలో 17, మొత్తం 170 గజాలు. దారి మూసుకుపోతే ఏం చేస్తాడన్న ప్రశ్నకి ఆ రోజు జవాబొచ్చింది. బంతి ఆలస్యంగా వదిలాడు, పాదాలు నేలని వదిలేశాయి. ఆ రాత్రే "ఇంతేనా" అని తేల్చేసినవాళ్ల తొందరపాటు నాకు బాధనిపించింది. అతను అప్పటికి కాలేజీలో మొదటినుంచీ ఆడిన మ్యాచ్‌లు రెండే, అవి కూడా స్వంత మైదానంలో. నవంబర్ చివర్లో అప్పటిదాకా ఓటమి లేని టెక్సస్ ఏ అండ్ ఎమ్‌ని 27-17తో ఓడించినప్పుడు అదే కుర్రాడి పాదాలు చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

ఈ టీమ్‌కి ఇదేం కొత్త కాదు. 2006లో విన్స్ యంగ్ వెళ్లిపోయాక ఇద్దరు కుర్రాళ్లు మిగిలారు. ఎక్కువ పేరున్నవాడు అప్పుడే చేరిన జెవాన్ స్నీడ్. రెండోవాడు టస్కోలా అనే చిన్న ఊరినుంచి వచ్చి ఒక ఏడాది ఆడకుండా కూర్చున్న మూడు నక్షత్రాల కోల్ట్ మెకాయ్. మెకాయ్ ఆ ఏడాదే 29 టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు, కాలేజీ వదిలేనాటికి 45 విజయాలతో అప్పటి జాతీయ రికార్డు. అతని తర్వాత గ్యారెట్ గిల్బర్ట్ వచ్చాడు. లేక్ ట్రావిస్‌ని రెండుసార్లు స్టేట్ ఛాంపియన్ చేసిన ఐదు నక్షత్రాలవాడు. 2010 జనవరిలో జాతీయ ఫైనల్ మొదట్లోనే మెకాయ్ భుజం దెబ్బతింటే ఈ కుర్రాడు అలబామా ముందు దిగాల్సి వచ్చింది. నాలుగు ఇంటర్‌సెప్షన్లు, 37-21. ఆ తర్వాతి సీజన్లో 10 టచ్‌డౌన్లు, 17 ఇంటర్‌సెప్షన్లు, టీమ్ 5-7. అతన్ని తిట్టనివాడు లేడు. కానీ మెకాయ్‌కి ఉన్న నమ్మకమైన రిసీవర్ జోర్డన్ షిప్లీ అప్పటికి వెళ్లిపోయాడు, కోచ్‌లు అతనికి అలవాటైన ఆట వదిలేసి పరుగు ఆట వైపు మొగ్గారు. అతను డాలస్‌లోని ఎస్ఎమ్‌యూ యూనివర్సిటీకి వెళ్లి నిలదొక్కుకున్నాడు, 2020లో ఎన్ఎఫ్ఎల్ టీమ్ డాలస్ కౌబాయ్స్ తరఫున ఒక మ్యాచ్ మొదటినుంచీ ఆడాడు కూడా. పనికిరానివాడు అంతదూరం వెళ్లడు. ఎన్ని నక్షత్రాలున్నా ముందు లైన్, పక్కన రిసీవర్లు, తనకి నప్పే ఆట లేకపోతే పిల్లవాడు నలిగిపోతాడు. గిల్బర్ట్ విషయంలో నాకు ఇప్పటికీ మనసు నొచ్చుకుంటుంది.

అందుకే కొత్త క్వార్టర్‌బ్యాక్ గురించి చదివేటప్పుడు అదే ఏడాది ఎంతమంది లైన్‌మెన్‌ని తీసుకున్నారో కూడా చదవండి. టెక్సస్ హెడ్ కోచ్ స్టీవ్ సార్కీజియన్ స్వయంగా బీవైయూలో (బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ) క్వార్టర్‌బ్యాక్‌గా ఆడినవాడు. ఆయన ఆటలో రన్ చేస్తున్నట్టు నటించి పాస్ వేయడం ఎక్కువ. అంటే క్వార్టర్‌బ్యాక్ ఒక క్షణం డిఫెన్స్‌కి వీపు తిప్పి, మళ్లీ తిరిగేసరికి మైదానం మొత్తం మారిపోయి ఉంటుంది. ఆ మారిన బొమ్మని చటుక్కున చదవగలిగేవాడే ఈ టీమ్‌కి కావాలి. హైస్కూల్లో ఎప్పుడూ వెనక దూరంగా నిలబడి, పక్కనుంచి వచ్చే సైగ చూసి ఆడినవాడికి ఇది నేర్చుకోవడానికి ఏడాదైనా పడుతుంది. మొదటి ఏడాది ఆడలేదని నిరాశపడకండి. 2018 నుంచి నాలుగు మ్యాచ్‌ల దాకా ఆడినా, కాలేజీలో ఆడేందుకు ఇచ్చే సంవత్సరాల్లో ఆ ఏడాది ఖర్చు కాదు కాబట్టి, కోచ్‌లు కొత్తవాణ్ని అక్కడక్కడా దించి చూస్తారు.

మీరు చూడాల్సింది ఆ కాసేపే. సెప్టెంబర్‌లో చిన్న టీమ్‌లతో ఆటలుంటాయి. మన స్కోరు 40 దాటాక జనం లేచి కార్లవైపు వెళ్తుంటారు, అప్పుడే కొత్తవాడు దిగుతాడు. మీరు మాత్రం కూర్చోండి. వీలైతే గోల్‌పోస్ట్ వెనక పైవరుసల్లో టికెట్లు తీసుకోండి, సాధారణంగా అవే చవక కూడా. బంతి ఎక్కడికి వెళ్లిందో జనం కేకలు చెబుతాయి, దాన్ని వెతక్కండి. స్నాప్ అవగానే ఒకటి, రెండు, మూడు అని మనసులో లెక్కపెడుతూ అతని పాదాలనే చూడండి. మొదటి రిసీవర్‌కి వేయని ప్రతిసారీ ఏం చేశాడో ఒక కాగితం మీద రాసుకోండి. పరుగెత్తాడా, నిలబడ్డాడా, రెండోవాడికి వేశాడా. మీ అమ్మాయిని కూడా వేరే కాగితం మీద రాయమనండి, ఇంటికి వెళ్లేటప్పుడు కార్లో రెండూ పోల్చి చూసుకోవచ్చు.